వరదకు దాచిన గొడవ

రెండేళ్ళ కిందట గోదారికి పెద్ద వరద వచ్చినప్పుడు మా ఆనపలంకలో ఒక్క మనిషి కూడా నీళ్ళలో చిక్కుకోలేదు. దాని మీద ప్రభుత్వం వారు విచారణ వేశారు.

వెయ్యరా మరి? మమ్మల్ని రక్షించడానికి మోటారు పడవలు వచ్చాయి. నారింజరంగు చొక్కాల కుర్రాళ్ళు వచ్చారు. ఫొటోలు తీసేవాళ్ళు కూడా వచ్చారు. తీరా చూస్తే ఊళ్ళో నీళ్ళున్నాయి గానీ మనుషుల్లేరు. ఊరంతా గొడ్డూ గోదాతో సహా మెరక మీద పొయ్యిలు పెట్టుకుని చారు కాచుకుంటున్నాం. పాపం పిల్లలు అంతదూరం నుంచి వచ్చి ఊరికే పోతున్నారని మా వాళ్ళు ఇద్దరు ముగ్గురు మొహమాటానికి పడవెక్కి ఓ చుట్టు తిరిగి దిగారు కూడా. అయినా కాగితాల్లో మా లంకకి ఎదురుగా సున్నా పడింది. అన్ని లంకల్లోనూ రక్షింపబడినవారు దొరుకుతూ ఉండగా ఈ లంకలో మాత్రం ఎందుకు దొరకలేదో తేల్చి చెప్పమని సంప్రదాయ విజ్ఞాన విపత్తు నివారణ శాఖకి పురమాయించారు.

ఈ శాఖ కొత్తది. ఆ మధ్య పైనున్న పెద్దలకి పాతకాలం వాళ్ళ తెలివితేటల మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రేమ పుడితే ఊరుకోలేరు కదా, దానికో శాఖ పెట్టి, ఆ శాఖకో భవనం కట్టి, భవనంలో చల్లటి గదులు వేయించారు. ఆ గదుల్లోంచి ఒకరోజు ఉపసంచాలకులు దక్షిణామూర్తి గారు జీపు దిగి, రేవు పక్కనున్న నా టీకొట్టుకి వచ్చారు. మనిషి మంచివాడు. టీ తాగే ముందు కూడా గొంతు సవరించుకునే రకం.

నా పేరు అబ్బులు. టీకొట్టు కాక నాకు ఓ అరటితోట, ఓ గేదె, ఓ పెళ్ళాం ఉన్నాయి. ఈ కథలో ముఖ్యం చివరిదే.

"వరద వచ్చుచున్నదని మీకు ముందస్తుగా తెలియజేసినది ఎవరు?" అని అడిగారాయన.

ఎవరూ చెప్పలేదన్నాను.

"అట్లయిన గ్రామస్థులందరూ సకాలంలో మెరకకు ఏల తరలిరి?"

"గొడవ చూడ్డానికి వెళ్ళామండి."

ఆయన టీ గ్లాసు కింద పెట్టేసి, నన్ను మొదటినుంచీ చెప్పమన్నారు. మీకూ చెబుతాను.

లంకలో పుట్టినవాడికి వరద కొత్త కాదు. ఏటా ఆషాఢంలో నీరు ఎర్రబడుతుంది, మైకు పెట్టుకున్న ఆటో వచ్చి జాగ్రత్త జాగ్రత్త అని అరిచి పోతుంది. మేం వింటాం. విని, వస్తే వచ్చిందిలే అని అటు తిరిగి పడుకుంటాం. మా తాతల కాలంలో దండోరా వేసేవారట, అప్పుడూ ఇదే వరస. అలా నిద్రపోయినవాళ్ళు కొందరు లేవనేలేదు. అప్పుడు మా ముత్తవ్వలెవరో కూర్చుని ఆలోచించి ఒక నిజం కనిపెట్టారు. ప్రాణం కాపాడుకోవడానికి మనిషి గడప దాటడానికి బద్ధకిస్తాడు గానీ, పక్కింటి గొడవ చూడ్డానికి మాత్రం అన్నం ముందునుంచి లేచి వస్తాడు.

అందుకని మా ఊళ్ళో నీటి వాలకం తేడాగా కనబడగానే రేవు దగ్గరి ఆడవాళ్ళు ఇద్దరు గొడవ మొదలెడతారు. జనం పోగవుతారు. అప్పుడా ఇద్దరిలో ఒకావిడ తిడుతూ తిడుతూ వెనక్కి నడుస్తుంది, రెండో ఆవిడ తిడుతూ తిడుతూ మీదికి నడుస్తుంది. చూసేవాళ్ళు ఒక్క ముక్క కూడా వదులుకోలేక పిల్లల్ని చంకనేసుకుని వెంట నడుస్తారు. రేవులో మొదలైన గొడవ పల్లపుపేట మీదుగా అరటితోటల్లోంచి మెరక మీదికి చేరేసరికి ఊరంతా అక్కడుంటుంది. గొడవ ఠక్కున ఆగిపోతుంది. మగాళ్ళు వెనక్కెళ్ళి గొడ్లనీ గింజల్నీ తెచ్చుకుంటారు. ఇంకో సుఖం ఏమిటంటే, గొడవకి రానివాడు ఎవడన్నా ఉన్నాడంటే వాడు మంచం దిగలేని స్థితిలో ఉన్నాడన్నమాట, వెళ్ళి మోసుకొచ్చేస్తాం. నడవలేని వెంకన్న తాతని ఏటా మంచంతో సహా తెస్తాం. ఇద్దరి మొహాలూ కనబడేచోట దించమంటాడు, ఎక్కడ పడితే అక్కడ దించితే ఒప్పుకోడు.

ఇందులో ఒక నియమం ఉంది. గొడవ నిజమైనది అయ్యుండాలి, ఊరికి కొత్తది అయ్యుండాలి. దొంగ గొడవని మా వాళ్ళు రెండో మాటకే పట్టేస్తారు, పాత గొడవకి ఎవరూ లేవరు. అంచేత ఆ పనిలో ఉన్నవాళ్ళు ఏడాది పొడుగునా ఒకటో రెండో మంచి గొడవలు వాడకుండా దాచుకోవాలి. ఇప్పుడా పని మా ఆవిడ పల్లాలమ్మది, మా అక్క నూకరత్నానిది. ఇద్దరూ వదినా మరదళ్ళు గనక సరుక్కి లోటు లేదు. ఆ వరద వచ్చిన ఏడు మా ఆవిడ ఎవరిదో పెళ్ళికని మా అక్క దగ్గర ఇత్తడి గుండిగ పుచ్చుకుని, దాని బదులు తేలికపాటి గుండిగ తిరిగిచ్చింది. మా అక్క దాన్ని మాఘమాసంలోనే కనిపెట్టింది. కనిపెట్టి, వరదలొచ్చేదాకా మా ఇంటికొచ్చి నవ్వుతూ కాఫీ తాగి వెళ్ళింది. అన్నాళ్ళు ఎలా ఆపుకున్నావే అక్కా అంటే, ప్రాణం మీదికొచ్చిందిరా తమ్ముడూ, ఊరికోసం ఓర్చుకున్నాను అంది.

నేను చెప్పిందంతా విన్న దక్షిణామూర్తి గారి కళ్ళు చెమర్చాయి.

"అబ్బులూ, మీరు దీనిని గొడవ అనుచున్నారు. ఇది గొడవ కాదు. ఇది సమాజ ఆధారిత, మహిళా నేతృత్వ, శూన్య వ్యయ శబ్ద సంకేత వ్యవస్థ."

మా ఆవిడ లోపల్నుంచి విని, ఎవర్నంటున్నాడయ్యా అనడిగింది. నిన్నేనే, మెచ్చుకుంటున్నారు అని సర్దిచెప్పాను.

నెల తిరక్కుండా మా గొడవ ప్రఖ్యాతమైపోయింది. పట్నంలో సభ పెట్టి ఇద్దరికీ శాలువాలు కప్పారు. శాలువాలు కప్పేటప్పుడు మా అక్క శాలువాకి జరీ అంచు ఎక్కువుందని మా ఆవిడ కనిపెట్టింది. అక్కడ వేదిక మీద జరిగింది నేను రాయలేను గానీ, సభికులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ప్రత్యక్ష ప్రదర్శన అనుకున్నారు.

ఆ తర్వాత శాఖవారు దాన్ని పరిరక్షించడం మొదలెట్టారు.

మొదట భాష పరిశీలనకి ఓ సంఘం వేశారు. మా ఆవిడా మా అక్కా వాడే మాటలన్నీ టేపులో పట్టుకెళ్ళి చల్లటి గదుల్లో కూర్చుని విన్నారు. అందులో ఒకాయన వింటూనే బయటికి వెళ్ళిపోయారట. మిగిలినవారు గుండె దిటవు చేసుకుని, వంశాన్ని అనేవి, ఒళ్ళుని అనేవి, చావుని కోరేవి, జంతువులతో పోల్చేవి తీసేశారు. తీసెయ్యగా మిగిలినదాన్ని అచ్చువేసి పంపారు. అందులో మొదటి వాక్యం ఇది: "సోదరీ, మీ బీరపాదు మా సరిహద్దును అతిక్రమించిన వైనము నాకు తీవ్ర అసంతృప్తిని కలిగించినది." దానికి రెండో ఆవిడ, "సోదరీ, మీ అభియోగమును సవినయముగా తోసిపుచ్చుచున్నాను" అనాలి.

మా అక్క అచ్చు కాగితం చదివించుకుని, సోదరి అంటే మాత్రం ఒప్పుకోనంది. అది నా తమ్ముడి పెళ్ళాం, దాన్ని సోదరి చేస్తే మా తమ్ముడు ఏమైపోవాలి అనడిగింది. ఈ అభ్యంతరాన్ని పైకి పంపుతామన్నారు. ఇంకా పైనే ఉంది.

తర్వాత నడక తీసేశారు. మైకుకి తీగ ఉంటుంది, తీగ మెరకదాకా రాదు. పైగా అతిథులు వచ్చి చూడాలంటే జీపు వెళ్ళగలిగిన చోటు రేవు ఒక్కటే. కాబట్టి కలహం రేవు దగ్గరే స్థిరంగా జరగవలెనని, ప్రేక్షకులకు కుర్చీలు వేయవలెనని ఉత్తర్వు వచ్చింది. నేను అప్పుడే దక్షిణామూర్తి గారితో చెప్పాను. ఊరంతట్లోకీ పల్లం రేవేనండి, జనాన్ని అక్కడికి పిలిచి కుర్చీల్లో కూర్చోబెడితే వరదకి భోజనం పెట్టినట్టు అవుతుందండి అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి, నడక అనునది స్థానిక వైవిధ్యము, సారము మాత్రము కలహమే అని బోధించారు.

తర్వాత అంశం ముందుగా ఆమోదం పొందాలన్నారు. బీరపాదు సరిహద్దు ఆమోదం పొందింది. పొందినట్టు గోడలన్నిటి మీదా నోటీసు అంటించారు. అది చదివి వెంకన్న తాత గోడవైపుకి తిరిగి పడుకున్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆఖరున వచ్చిన ఉత్తర్వు ఒక ఎత్తు. కలహం అంటే హెచ్చరిక గనక, అనుమతి లేని కలహం తప్పుడు హెచ్చరిక అవుతుంది. కాబట్టి ఆనపలంక పరిధిలో అనధికార కలహాలు నిషేధించడమైనది.

మొదట్లో మా మగాళ్ళం పండగ చేసుకున్నాం. దక్షిణామూర్తి గారికి అరటిగెల పంపాం. ఊరు ఎంత ప్రశాంతంగా ఉందంటే మా గేదె బెంగపెట్టుకుని పాలు తగ్గించింది. ఒకరి కోడి ఇంకొకరి నారుమడిలో దిగితే, మడి యజమాని దానికి దారి చూపించి పంపేవాడు. చేపల బేరం గుసగుసలతో జరిగేది. అమ్మేవాడి మాట కొనేవాడికి వినబడక ఒకరోజు పులస పాడైపోయింది.

నాకు భయం వేసింది మాత్రం అన్నం దగ్గర. ఒకరోజు పప్పులో ఉప్పు లేదన్నాను. పెళ్ళైనప్పట్నుంచీ ఉప్పు లేదని నేనన్నప్పుడల్లా మా ఆవిడ మా వంశంలో ఉప్పు తిన్నవాడెవడో తిననివాడెవడో తేల్చి చెప్పేది. ఆరోజు నా వంక చూసి, "మన్నించండి" అంది. అని ఉప్పు తెచ్చి పెట్టింది.

ఎదురుగా నా పెళ్ళాం కూర్చుని ఉందిగానీ, నేను ఏలుకుంటున్న మనిషి ఎటో వెళ్ళిపోయినట్టుంది. ఆ గొంతు లేకపోతే నాకు ఇల్లు ఇల్లులా లేదు. ఆ మాట ఆవిడతో అనడానికి సిగ్గేసి, లేచి గేదె దగ్గరకెళ్ళి కూర్చున్నాను. మా అక్కా అంతే. మా ఆవిడ చూస్తూ ఉండగానే మా కోడిపిల్లని కాలితో నెట్టింది, ఏమన్నా అంటుందేమోనని ఆశగా నిలబడింది. మా ఆవిడ చిరునవ్వు నవ్వింది. మా అక్క ఇంటికెళ్ళి ఏడ్చిందని తర్వాత తెలిసింది.

అలా ఉండగా ఆషాఢం వచ్చింది. శాఖవారు స్థానిక విజ్ఞాన దినోత్సవం మా రేవులోనే జరపాలని నిశ్చయించారు. పందిరి వేశారు, కుర్చీలు వేశారు, మైకు కట్టారు. అతిథులు మర్నాడు వస్తారనగా దక్షిణామూర్తి గారు ముందుగా వచ్చి, పందిట్లో కూర్చుని స్వాగతోపన్యాసం వల్లెవేసుకుంటున్నారు.

పొద్దెక్కాక మా ఆవిడ గిన్నెలు తోముకోడానికి రేవులో దిగింది. దిగిన మనిషి తోమకుండానే గిన్నెలతో వెనక్కి వచ్చేసింది.

"ఏవయ్యా, నీరు బాగా ఎర్రబడిపోయింది. నురగ మెట్టెక్కి వచ్చేత్తంది. ఎగువన ఎవరిదో గడ్డివామి చెక్కుచెదరకుండా కొట్టుకొచ్చింది. ఇది మామూలు వరద కాదు."

పల్లపుపేటలో ఊరికే పిలిస్తే ఎవరూ కదలరు, పైగా ఆదివారం. పసిపిల్లల తల్లులు ఉన్నారు, వెంకన్న తాత ఉన్నాడు. ఇద్దరం దక్షిణామూర్తి గారి దగ్గరికి పరిగెత్తి, గొడవ పెట్టుకోడానికి సెలవిప్పించమన్నాం.

ఆయన మమ్మల్ని కంగారు పడవద్దన్నారు. కలహానికి అనుమతి జిల్లా కేంద్రం నుంచి రావాలి. ఫోను చేశారు. అవతలివాళ్ళు మాట్లాడుతుంటే ఈయన లేచి నిలబడి అలాగేనండి అన్నారు, కూర్చుని చిత్తమండి అన్నారు. చివరికి ఫోను అరచేత్తో మూసి, మా ఆవిడని అడిగారు.

"అంశము ఏమని అడుగుచున్నారు."

బీరపాదు అని చెప్పమన్నాం. ఆ పాదు కిందటివారమే మేకలు తినేశాయని ఎవరూ చెప్పలేదు. అనుమతి వచ్చేసరికి మొదటి వరస కుర్చీలు కాళ్ళు తడుపుకుంటున్నాయి.

మా అక్కని పిలుచుకొచ్చాను. ఇద్దరూ మైకు ముందు నిలబడ్డారు. మా ఆవిడ అచ్చు కాగితంలో ఉన్నది ఉన్నట్టు, సోదరీ మీ బీరపాదు అని మొదలెట్టింది. మా అక్క సవినయంగా తోసిపుచ్చింది. మైకులో ఊరంతా వినబడింది. ఎవరూ రాలేదు.

నేను పేటలోకి పరిగెత్తాను. తలుపు తలుపూ కొట్టాను. పేకాట దగ్గర కూర్చున్నవాళ్ళు తల ఎత్తకుండానే, ఆ బీరపాదు గొడవేగా అబ్బులూ, నోటీసులో చదివేశాంలే అన్నారు. వరదొస్తోందిరా బాబూ అంటే, రానీ, ఈ ఆటయ్యాక చూద్దామన్నారు. ఒకింట్లో అన్నం వార్చి వస్తామన్నారు, ఇంకో ఇంట్లో పిల్లాడు ఇప్పుడే పడుకున్నాడన్నారు. వెంకన్న తాతని మంచంతో ఎత్తబోతే, "దించరా. అందులో పస లేదు. నేను రాను" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంతకాలం ఈ ఊరిని బతికించిన తెలివిని ఇస్త్రీ చేసి మడతపెట్టి చంపేశారు కదా అనిపించింది. నీళ్ళలోనే తడబడుతూ మళ్ళీ రేవుకి వచ్చాను.

అక్కడ దక్షిణామూర్తి గారు కుర్చీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, "రెండవ పేరా మరొకసారి, కాస్త భావయుక్తముగా" అంటున్నారు.

మా ఆవిడ కాగితం కిందపడేసింది. చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టింది.

"ఏవయ్యా దచ్చినామూర్తీ. ఊళ్ళోకి గోదారి వచ్చేత్తంటే అంశవేంటని అడుగుతావా? నీ అంశం మండిపోను. నా మొగుడు పప్పులో ఉప్పు లేదంటే నోరు మూసుకున్నానయ్యా, నీ మూలాన. నా వొదిన నా కళ్ళముందే నా కోడిపిల్లని తంతే నవ్వానయ్యా, నీ మూలాన. ఇన్నాళ్ళూ ఒక్క మాట లేకుండా బతికానయ్యా, నీ దుంప తెగ, అసలు నిన్ను కన్న తల్లి..."

ఇక్కణ్ణించి నేను రాయను. సంఘంలోంచి లేచి వెళ్ళిపోయిన ఆయన గురించి మీకు ముందే చెప్పాను. నెలల తరబడి వాడకుండా ఉండిపోయిన సరుకంతా ఒక్కసారి బయటికొచ్చింది. మైకు ఆన్ చేసే ఉంది.

మా అక్క వచ్చి మా ఆవిడ పక్కన నిలబడింది. "మా పల్లాలమ్మ నోరు కట్టేసిన మొనగాడివి, ముందు నీ జోళ్ళు గోదాట్లో పోతన్నాయి చూసుకో" అని మొదలెట్టింది.

ఆ ఇద్దరూ ఒకవైపు నిలబడి ఒకే మనిషిని తిట్టడం మా ఊళ్ళో పుట్టినవాడెవడూ చూడలేదు. ఆ మనిషి అధికారి కావడం అసలే చూడలేదు. పేకలు ఎక్కడివక్కడ వదిలేశారు. అన్నం వార్చేవాళ్ళు గంటెతో సహా వచ్చారు. నిద్రపోతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని తల్లి వచ్చింది. అవతలి పేట నుంచి మా పేరు కూడా తెలియనివాళ్ళు మోకాలి లోతు నీళ్ళలో పడి వచ్చారు. వెంకన్న తాత నలుగుర్ని పేరుపేరునా తిట్టి మంచం ఎత్తించుకున్నాడు.

దక్షిణామూర్తి గారు పాపం వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. తిట్టేవాళ్ళకి వీపు చూపించడం మర్యాద కాదనుకున్నారో, చూపిస్తే ఏమవుతుందోననుకున్నారో తెలియదు. చేతులు జోడించుకుని, జోళ్ళు లేని కాళ్ళతో, పల్లపుపేట మీదుగా అరటితోటల్లోంచి నడిచారు. ఆయన ఆగితే మా ఆవిడ గొంతు పెరిగేది, నడిస్తే కాస్త తగ్గేది. అలా ఆయన్ని తోలుకుంటూ మెరక మీదికి ఎక్కించింది. వెనకాల ఊరు ఊరంతా ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ ఎక్కింది.

ఎక్కాక మా ఆవిడ ఒక మంచి తిట్టు మధ్యలో ఆపేసి, జనం వంక కలయజూసింది. వెంకన్న తాత వచ్చాడా అనడిగింది. ఇక్కడే ఉన్నానే, ఆపేశావేంటే అన్నాడాయన.

"గొడ్లు తోలుకొచ్చేయండ్రా. పేటలోకి నీళ్ళొచ్చేశాయి," అంది మా ఆవిడ. మగాళ్ళు అప్పుడు తిరిగి చూశారు. చూసి, పరిగెత్తారు.

ఆవిడ దక్షిణామూర్తి గారి వైపు తిరిగింది. చెంగుతో మూతి తుడుచుకుని, "కూకోండి బాబూ, మొహం పీక్కుపోయింది. మంచినీళ్ళు ఇమ్మంటారా?" అనడిగింది. ఆయన కూర్చున్నారు. మంచినీళ్ళు తాగారు. గ్లాసు తిరిగిచ్చి, అదంతా నన్నేనా అమ్మా అన్నారు. మిమ్మల్నే బాబూ, ఒక్కటి కూడా అబద్ధం లేదు అంది.

ఆ సాయంత్రానికి రేవూ పందిరీ కుర్చీలూ కనబడలేదు. పల్లపుపేటలో చూరుల దాకా నీళ్ళు వచ్చాయి. మనుషులంతా మెరక మీద క్షేమంగా ఉన్నారు. నేను పప్పు నోట్లో పెట్టుకుని ఉప్పు ఎక్కువైందన్నాను. మా ఆవిడ మా ముత్తాతతో మొదలెట్టింది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కారం ఘాటు అని చెప్పాను.

మాకు శిక్ష తప్పదనుకున్నాం. అనుమతి లేని అంశం మీద, ఆమోదం లేని మాటలతో, అధికారిని తిట్టాం. కానీ దక్షిణామూర్తి గారు మనిషి మంచివాడని ముందే చెప్పాను, జరిగింది జరిగినట్టు రాసి పంపారు. పైవాళ్ళు చదివి, లోతుగా అధ్యయనం చేశారు. చేసి తేల్చిందేమిటంటే, ఈ విధానంలో ఇన్నాళ్ళూ పొరపాటు జరుగుతూ వచ్చింది. ప్రజల్ని కదిలించింది తిట్టినవారు కాదు, తిట్లు తిన్నవారు. కాబట్టి వరద ముప్పు ఉన్న ప్రతి లంకకీ ఒక తిట్ల స్వీకరణాధికారి ఉండవలెను. ఆనపలంకకి అనుభవం దృష్ట్యా శ్రీ దక్షిణామూర్తి గారే.

ఆయన సామాన్లతో సహా వచ్చి మా వీధిగదిలో దిగారు. అనధికార కలహాల మీద నిషేధం కూడా పోయింది, ఊరు ఎప్పట్లా అయింది. గేదె పాలు పెంచింది.

కానీ కొత్త చిక్కు ఒకటొచ్చింది. ఆషాఢంలో ఈవిడ నోట్లో మళ్ళీ పడాల్సొస్తుందన్న బెదురుతో దక్షిణామూర్తి గారు తప్పు చెయ్యడం మానేశారు. పంట నష్టం సొమ్ము ఎవరికీ బాకీ లేకుండా ఇప్పించేశారు. పల్లపుపేట నుంచి మెరకకి దారి బాగు చేయించి, ముళ్ళకంప కొట్టించారు. నడవలేనివాళ్ళ మంచాలకి మోయడానికి కర్రలు కట్టించారు. ఎవరన్నా అర్జీ ఇస్తే చదువుతున్నారు. మా ఆవిడ గడపలో కూర్చుని సాయంత్రాలు ఆయన్నే చూస్తుంది, ఎక్కడన్నా చిన్న లోపం దొరుకుతుందేమోనని. దొరకదు. చైత్రం వెళ్ళింది, వైశాఖం వెళ్ళింది. మా అక్క ఇత్తడి సామానంతా వెతికి చూసుకుంది, అందులోనూ ఏమీ దొరకలేదు. ఊళ్ళో జనం నన్ను ఆపి, ఈ ఏడు ఏం చేస్తార్రా అని ఆందోళనగా అడగడం మొదలెట్టారు.

చివరికి మా ఆవిడే ఆయన దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"బాబూ, మీరు ఇంత మంచోరైపోతే మేం బతికేదెలాగండి? మిమ్మల్ని ఏమని తిట్టను? లేనిది అంటే మా వాళ్ళు ఒక్కడూ రాడు."

దక్షిణామూర్తి గారికి నిజంగా బాధ కలిగింది, మొహంలో తెలిసింది. గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, నాకు కొంచెము వ్యవధి ఇవ్వండి. పట్నంలో మా కార్యాలయానికి ఒకసారి పోయివస్తాను."

ఆయన వెళ్ళి వారం కూర్చుని వచ్చారు. వెనకాల లారీ వచ్చింది. లారీలోంచి పెద్ద ఇనుప గేటు దించారు. మెరక సంప్రదాయ విజ్ఞాన వారసత్వ స్థలం గనక, దాని రక్షణార్థం దారికి అడ్డంగా ఆ గేటు పాతించారు. అటూ ఇటూ గోడ లేదు, కంచె లేదు, గొడ్లు చుట్టూ తిరిగి మామూలుగానే పోతున్నాయి. గేటుకి మాత్రం ఇంత తాళం వేసి, తాళంచెవి జిల్లా కేంద్రంలో భద్రపరిచారు. వరద సమయంలో తెరవాలంటే ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలట.

మా ఆవిడ వెళ్ళి ఆ గేటుని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది. తాళం పట్టుకుని ఊపి చూసింది. తిరిగొచ్చాక ఆవిడ మొహం ఎంత కళకళలాడుతోందో చెప్పలేను. పెదవులు బిగబట్టుకుని, ఒక్క మాట కూడా పైకి రానివ్వకుండా, దక్షిణామూర్తి గారికి పీట వేసి, నెయ్యి వేసి అన్నం పెట్టింది.